మడమ నొప్పికి మిరపకాయ నూనె

ముందే చెప్పేస్తున్నాను. ఇది తొంభైమంది పిల్లల ఎదుట, వాళ్ళ తల్లిదండ్రుల ఎదుట, ఒక రిటైరైన సుబేదారుగారి ఎదుట నా పరువును నేనే స్వయంగా వేయించి, వడగట్టి, కాళ్ళకు రాసుకున్న కథ. ఎవరో నాకు చేసిన ద్రోహం కాదు. శత్రువులు కూడా అంత శ్రద్ధగా చెయ్యలేరు.

నా పేరు కోటేశ్వరరావు. అద్దంకి దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. నాలుగేళ్ళ కిందటి మాట ఇది. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు వచ్చాయి, బుద్ధి మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

ఇరవై ఏళ్ళపాటు బండలాంటి గ్రౌండు మీద గెంతిన పుణ్యమో, పద్మ చేసే గోంగూర పప్పు పుణ్యాన పెరిగిన పొట్ట బరువో తెలియదు గానీ, ఆ ఏడు వేసవి నుంచి నా కుడి మడమ నా మాట వినడం మానేసింది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేశానంటే చాలు, అరికాల్లో ఎవరో మేకు పెట్టి సుత్తితో కొట్టినట్టుండేది. నెల తిరిగేసరికి ఎడమ మడమ కూడా దానికి తోడైంది. మడమలు సాయపడటం లేదని మోకాళ్ళు అలిగాయి. కింద కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళలోంచి కరకరమని అప్పడాలు విరిగిన చప్పుడు.

మంచం నుంచి బాత్రూముకు సరిగ్గా పన్నెండు అడుగులు. ముందు గోడ పట్టుకుని, తర్వాత బీరువా పట్టుకుని, చివరికి ఫ్రిజ్జు మీద రెండు చేతులూ వేసి వాలి, ఊపిరి తీసుకుని వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ పద్మ పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఏ ఉత్తరంలో ఏముందో కవరు చూసి చెప్పగల మనిషి. మొగుడి మొహంలో ఏముందో చదవలేదా?

"ఏవండీ, రోజూ పొద్దున్నే ఆ ఫ్రిజ్జును అంత ప్రేమగా వాటేసుకుంటున్నారు. నాకు తెలియాల్సింది ఏమన్నా ఉందా?"

"చల్లగా ఉంటుందని."

"అయితే ఆ చల్లదనం సరిపోలేదు. డాక్టరు దగ్గరికి పదండి."

"డ్రిల్లు మాస్టారు కాళ్ళ నొప్పులని డాక్టరు దగ్గరికి వెళ్తే ఊళ్ళో ఏమనుకుంటారు? పంతులుగారు మంత్రం మర్చిపోయినట్టుంటుంది!"

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు గానీ, ఊరందరి వైద్యం చేయించుకున్నాను. ఇటుకరాయి కాల్చి దానిమీద జిల్లేడాకు పరిచి తొక్కమన్నారు, తొక్కాను. ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టమన్నారు, పెట్టాను. నల్లేరు పచ్చడి తినమన్నారు, గొంతు దురద పుట్టేదాకా తిన్నాను. నొప్పికి ఇవేవీ పట్టలేదు. అది సొంతిల్లు కట్టుకున్నదానిలా మడమలోనే కాపురం పెట్టేసింది.

బళ్ళో మాత్రం ఎవరికీ తెలియనిచ్చేవాణ్ణి కాదు. గ్రౌండు పక్కన కుర్చీ వేసుకుని విజిల్ ఊదేవాణ్ణి. నా బదులు విజిలే పరిగెత్తేది. ఒకసారి హెడ్మాస్టరుగారు వచ్చి, "ఏమిటి మాస్టారూ, ఈమధ్య కుర్చీలోంచి లేవడం లేదు?" అన్నారు.

"ఆటను మొత్తంగా గమనించాలంటే ఒకచోట స్థిరంగా ఉండాలండీ," అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. ఆయనకూ కూర్చోవడం ఇష్టమే.

చివరికి ఆగస్టు మొదటి వారంలో పద్మ సెలవు పెట్టి, నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని అద్దంకి తీసుకుపోయింది. ఎముకల డాక్టరుగారు నా కాళ్ళు అటూ ఇటూ తిప్పి, ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, "మడమ కింద ఉండే పట్టీ వాచింది. మోకాళ్ళు కొంచెం అరిగాయి, కంగారు పడేంత కాదు. బరువు తగ్గాలి, మెత్తటి చెప్పులు వెయ్యాలి, రోజూ వ్యాయామం చెయ్యాలి," అన్నారు.

"అయ్యా, నేను డ్రిల్లు మాస్టారిని. వ్యాయామమే నా వృత్తి."

"చేస్తారా, చేయిస్తారా?"

పద్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు ఒక ఆయింట్‌మెంటు రాసిచ్చి, పక్క గదిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది, వెళ్ళి కలవమన్నారు.

తలుపు తోసి లోపలికి వెళ్ళాను. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి లేచి నిలబడి, "నమస్తే మాస్టారూ!" అంది.

ఎక్కడో చూసిన మొహం. ఎక్కడో గుర్తు రావడం లేదు.

"నేను ఎస్తేరుని సార్. తొమ్మిదో తరగతి, బీ సెక్షను. ఆలస్యంగా వచ్చినప్పుడల్లా గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు."

నాకు ఒక్కసారిగా మోకాళ్ళలో కొత్త నొప్పి మొదలైంది. ఆ రోజుల్లో కూడా నేను ఎవర్నీ కొట్టేవాణ్ణి కాదు. ఆలస్యంగా వస్తే పరిగెత్తించేవాణ్ణి. అది శిక్ష కాదు, ఆరోగ్యం అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఈ పిల్ల చేత పరిగెత్తించినంత నేను ఇంకెవరి చేతా పరిగెత్తించలేదు. మేరీమాతలాగా శాంతంగా నవ్వుతూ, "బల్ల మీద పడుకోండి సార్," అంది.

పడుకున్నాను. బొటనవేలితో మడమ కింద ఒకచోట నొక్కింది.

"ఇక్కడేనా సార్?"

"అక్కడే తల్లీ! అక్కడే! వదులు!"

బయట బెంచీ మీద కూర్చున్న ఒక ముసలావిడ ఆ కేక విని, తన నొప్పి అంత పెద్దదేం కాదని ఇంటికి వెళ్ళిపోయిందట. పద్మ చెప్పింది.

ఎస్తేరు నాకు వ్యాయామాలు నేర్పింది. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, పిక్క సాగదియ్యాలి. నీళ్ళసీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించాలి. నేలమీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోవాలి. మంచం దిగకముందే ఒక తువ్వాలును పాదానికి వేసి వేళ్ళను మన వైపుకు లాగాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి.

"ఎన్నాళ్ళు?"

"ఆరు వారాలు చేస్తే తేడా తెలుస్తుంది. పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టొచ్చు."

"ఇంకో పదిరోజుల్లో పంద్రాగస్టు. మార్చ్‌పాస్ట్ ముందు నేను నడవాలమ్మా!"

"ఈసారి పక్కన నిలబడి చెప్పండి సార్. పిల్లలు నడుస్తారు."

నేనా? పక్కన నిలబడటమా? ఇరవై ఏళ్ళుగా ఆ తెల్లప్యాంటు, తెల్లబూట్లు వేసుకుని, ఛాతీ విరుచుకుని ముందు నడిచేది నేను. నాలుగు రోజులు గోడ దగ్గర నిలబడి వ్యాయామం చేశాను. పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "ఇల్లు కొంచెం అటు జరుపుతున్నారా మాస్టారూ?" అన్నాడు. ఐదోరోజు మానేశాను.

అప్పుడు నా దృష్టి ఆ ఆయింట్‌మెంటు మీద పడింది. పెట్టెలో కాగితం ఉంటే కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అందులో ఉన్న ముఖ్యమైన మందు మిరపకాయల నుంచి తీసిన సారమట. అది కూడా చిటికెడులో చిటికెడు.

పాఠకులారా, నేను పగలబడి నవ్వాను. నాది గుంటూరు గాలి సోకిన నేల. మా వెనకగదిలో మా సొంత చేలో పండిన తేజ మిరపకాయల బస్తా ఉంది. ఆ కాయ ఒకటి కొరికితే పక్కవాడికి కన్నీళ్ళొస్తాయి. చిటికెడు కారం ఉన్న గొట్టం కొంచెం ఉపశమనం ఇస్తే, గుప్పెడు కారం ఉన్న నూనె పూర్తిగా నయం చెయ్యదా? లెక్క ఇంత తేలిగ్గా ఉంటే, ఆ డాక్టర్లందరూ ఇన్నేళ్ళు ఏం చదివినట్టు?

ఆ సారాన్ని ఎంత కొలతలో, ఎంత జాగ్రత్తగా కలుపుతారో ఆ కాగితంలోనే రాసి ఉంది. అది రెండోవైపు. నేను మొదటివైపే చదివాను.

పద్మ పోస్టాఫీసుకు వెళ్ళగానే పని మొదలుపెట్టాను. మూకుట్లో నువ్వుల నూనె పోసి, రెండు గుప్పిళ్ళ మిరపకాయలు తుంచి వేశాను. నిమిషం తిరక్కుండా ఇల్లంతా ఘాటు. నేను దగ్గుతూ వీధిలోకి పరిగెత్తాను. పక్కింటాయన దగ్గుతూ వాళ్ళ వీధిలోకి పరిగెత్తాడు. అరుగు మీద పడుకున్న కుక్క లేచి, నా వంక ఒక చూపు చూసి, ఊరు వదిలినంత పని చేసింది. నూనె ఎర్రగా, చిక్కగా, కుంకుమ కలిపినట్టు తయారైంది. వడగట్టి సీసాలో పోసి, బీరువా వెనక దాచాను.

సాయంత్రం పద్మ గుమ్మంలో అడుగుపెట్టి తొమ్మిదిసార్లు తుమ్మింది.

"ఏం చేశారండీ?"

"పచ్చడి."

"మీరా? పచ్చడా? ఏదీ?"

"కుదరలేదు. పారబోశాను."

ఆమె నా వంక కవరు మీద చిరునామా సరిపోని ఉత్తరాన్ని చూసినట్టు చూసింది.

ఆగస్టు పదిహేను. పొద్దున ఆరు గంటలకు బాత్రూములో తలుపు గడియ వేసుకుని రెండు అరికాళ్ళకూ, మడమలకూ, మోకాళ్ళకూ ఆ నూనె పట్టించాను. చెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాను. సబ్బుతో కడుక్కోవాలన్న ఆలోచన రాలేదు. మేజోళ్ళు తొడిగి, తెల్లబూట్లు బిగించి బండెక్కాను.

దారిలో మెల్లగా వెచ్చదనం మొదలైంది. ఆహా! చలికాలం పొద్దున నెగడు దగ్గర కాళ్ళు చాపి కూర్చున్నట్టు హాయి. స్కూల్లో బండి దిగి నడిస్తే నిజంగా నొప్పి లేదు! ఎస్తేరు ఆరు వారాలంది. నేను అరగంటలో సాధించాను. అటెండరును పలకరించాను. హెడ్మాస్టరుగారి గది మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

"ఏమిటి మాస్టారూ, ఇవాళ మంచి ఊపులో ఉన్నారు?"

"దేశభక్తి అండీ!"

తొమ్మిది గంటలకు ఎండ పెళ్ళున కాసింది. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. ముఖ్య అతిథి మా ఊరి సుబేదారుగారు. ఎనభై ఏళ్ళు నిండినా వెన్ను గీత గీసినట్టు ఉంటుంది. జెండా ఎగిరింది. పూలు రాలాయి. జాతీయ గీతం మొదలైంది. నేను సావధాన్‌లో నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడు చెమట పట్టి, నూనె లోపలికి దిగింది.

వెచ్చదనం వేడి అయింది. వేడి మంట అయింది. మంట ఇక దేనితోనూ పోల్చడానికి వీల్లేనిది అయింది. రెండు బూట్లలో రెండు పొయ్యిలు. ప్యాంటు కింద మోకాళ్ళకు ఇంకో రెండు. జాతీయ గీతానికి పట్టేది యాభై రెండు సెకన్లే అని పిల్లలకు నేనే చెప్తాను. ఆ రోజు ఒక్కో సెకనూ ఒక్కో వేసవిలా గడిచింది. కానీ కదల్లేదు. ఒట్టేసి చెప్తున్నాను, వేలు కూడా కదపలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ధారగా కారాయి.

గీతం అయిపోయింది. సుబేదారుగారు నా వంక చూసి హెడ్మాస్టరుగారితో అన్నారు: "చూశారా! ఈ కాలంలో కూడా జెండాను చూసి ఏడ్చే మనిషి ఉన్నాడండీ."

ఆ మాటకు నేను వినయంగా తలొంచి, కుడిచేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

ఏ చెయ్యి అన్నది గుర్తుందిగా? నూనె రాసిన చెయ్యి.

ఇక కళ్ళు కూడా పోయాయి. సరిగ్గా అప్పుడే డ్రమ్ములు మోగాయి. మార్చ్‌పాస్ట్!

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పదిరోజుల ప్రాక్టీసులో పిల్లలకు నేను ఒకే ఒక్క సూత్రం నూరిపోశాను. "మీరు ఎవర్నీ చూడొద్దు. నన్ను చూడండి. నేనేం చేస్తే అది చెయ్యండి. సొంత తెలివి వాడితే పది గుంజీళ్ళు!"

నేను కుడికాలు ఎత్తాను. దించబోతే మంట. ఎత్తే ఉంచి, ఎడమకాలి మీద ఒక గెంతు గెంతాను. నా వెనక తొంభై కుడికాళ్ళు లేచాయి. తొంభైమంది గెంతారు. ఎడమకాలు మండిందని కాలు మార్చాను. వాళ్ళూ మార్చారు. రెండు కాళ్ళూ ఒకేసారి భగ్గుమంటే రెండు కాళ్ళతోనూ ఎగిరాను. భూమి దద్దరిల్లింది. డ్రమ్ముల వాళ్ళు బుద్ధిమంతులు. మా గెంతులకు తగ్గట్టు దరువు మార్చేశారు. తల్లిదండ్రుల వైపు నుంచి ఈలలు, చప్పట్లు.

వేదిక ముందుకు వచ్చాం. నా కళ్ళకు అంతా ఎర్రటి మసక. నిటారుగా, సన్నగా ఒక ఆకారం కనిపించింది. సుబేదారుగారే అనుకుని దానికి సెల్యూట్ కొట్టాను. అది మైకు స్టాండు. తొంభైమంది పిల్లలూ తల తిప్పి మైకు స్టాండుకు సెల్యూట్ కొట్టారు.

సుబేదారుగారు హెడ్మాస్టరుగారి వైపు వంగి, "ఇది ఏ రెజిమెంటు డ్రిల్లండీ?" అని అడిగారట.

"కొత్త సిలబస్సు అండీ," అన్నారట ఆయన, నేలచూపులు చూస్తూ.

ఇంక నావల్ల కాలేదు. వరస వదిలేసి, వంటషెడ్డు వెనక కుళాయి వైపు పరుగు లంకించుకున్నాను. బూట్లు పీకి కాళ్ళు కుళాయి కింద పెట్టి, కొంచెం తేరుకుని తల తిప్పి చూస్తే, నా వెనక తొంభైమంది వరసగా నిలబడి బూట్లు విప్పుతున్నారు.

"మీరెందుకొచ్చార్రా!"

"మీరేం చేస్తే అది చెయ్యమన్నారుగా సార్!"

ఈలోగా నీళ్ళు తగిలిన మంట చల్లారకపోగా, పాదమంతా పాకి పిక్కల దాకా ఎక్కింది. నా కేకకు వంటషెడ్డులోంచి నాగమ్మ పరిగెత్తుకొచ్చింది. మధ్యాహ్న భోజనం వండే మనిషి. మిరప కోతల్లో చెయ్యి తిరిగిన మనిషి. ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చింది.

"నీళ్ళు పొయ్యమాకండి సారూ! కారం నీళ్ళకి పోదు! కాళ్ళకి కారం ఎందుకు పూసుకున్నారు?"

"నొప్పికి నాగమ్మా!"

"మరి తగ్గిందా?"

ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. నాగమ్మ పిల్లల్ని తరిమేసి, నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ముందు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచింది, తర్వాత సబ్బు రుద్దించింది, ఆ తర్వాత మజ్జిగ బకెట్టు తెచ్చి రెండు కాళ్ళూ అందులో పెట్టమంది. మోకాళ్ళ మీద గరిటెతో మజ్జిగ పోస్తూ, "కోతలప్పుడు చేతులు మండితే మేం చేసేది ఇదే సారూ. కాకపోతే మాకు కావాలని పూసుకునేంత చదువు లేదు," అంది.

ప్రాణం కొంచెం కుదుటపడుతుండగా హెడ్మాస్టరుగారు రొప్పుతూ వచ్చారు.

"నాగమ్మా! సుబేదారుగారికి దాహమట, మజ్జిగ ఏదీ?"

"ఇదిగో సారూ. మాస్టారు కాళ్ళు తీస్తే ఇస్తాను."

హెడ్మాస్టరుగారు బకెట్టు వైపు చూశారు. నా మోకాళ్ళ వైపు చూశారు. మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మర్నాడు మాట్లాడారు, కాగితం మీద. దాన్ని మెమో అంటారు.

ఇంట్లో పద్మ సంగతంతా విని, "అయితే పచ్చడి బాగానే కుదిరిందన్నమాట," అంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే నా కాళ్ళకు మందు రాసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంత నొప్పిగా ఉంటే నాతో చెప్పడానికేం? నేనేమన్నా ఊరా?" అంది. ఆ మాట మాత్రం మంట కన్నా లోతుగా దిగింది.

చర్మం తేరుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత తలొంచుకుని ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు, అంతా చెప్పేశాను. ఆ అమ్మాయి బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, నా పాదం చేతిలోకి తీసుకుని చూస్తూ అంది:

"మాస్టారూ, నేను రోజూ ఎందుకు ఆలస్యంగా వచ్చేదాన్నో తెలుసా? అమ్మతో మిరప కోతలకి వెళ్ళేదాన్ని. తెల్లారి రెండు గంటలు కోసి, అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ బడికొచ్చేదాన్ని. మీరు మళ్ళీ పరిగెత్తించేవారు."

నేను పాదం వెనక్కి తీసుకున్నాను.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు సార్."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టు అంది. కోపంగా అన్నా బాగుండేది.

"నన్ను క్షమించు తల్లీ. కావాలంటే ఇప్పుడు నాచేత పరిగెత్తించు."

"ఇప్పుడే వద్దు సార్, మోకాళ్ళు ఒప్పుకోవు. గోడ దగ్గర నిలబడండి. మూడు సెట్లు, ఒక్కోటి పదిహేను. మధ్యలో కుర్చీ కేసి చూడకూడదు."

చేశాను. రోజూ చేశాను. సీసా దొర్లించాను, తువ్వాలు లాగాను. ఇంట్లో చెప్పులతో తిరుగుతుంటే మా అత్తగారు పండక్కొచ్చి చూసి మూడురోజులు నాతో మాట్లాడలేదు. కొన్ని వారాలు బాగుండేది, మళ్ళీ ఒకరోజు తిరగబెట్టేది. దిగులుపడి ఫోన్ చేస్తే, "నొప్పి రావడం వేరు, ఓడిపోవడం వేరు సార్. ఇవాళ ఒక సెట్టే చెయ్యండి," అనేది ఎస్తేరు. బళ్ళో దాచడం మానేశాను. డ్రిల్లు పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు నాతోపాటు పిల్లలందరూ ప్రహరీగోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీసేవాళ్ళు. రోడ్డున పోయేవాళ్ళు గోడ పడిపోతోందేమోనని ఆగి, తామూ ఓ చెయ్యి వేసి పోయేవారు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని పరిగెత్తించడం కూడా అప్పుడే ఆపాను. ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకని అడుగుతున్నాను. ఆ జవాబులు వింటూ ఉంటే చాలాసార్లు మొదటి గంట అయిపోతుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో నన్ను నేను చూసుకుని ఆగిపోయాను. బాత్రూములో ఉన్నాను. ఎలా వచ్చాను? గోడ పట్టుకున్నట్టు గుర్తులేదు. బీరువా గుర్తులేదు. మామూలు మనిషిలా లేచి నడిచి వచ్చేశాను! నోట్లో బ్రష్షుతోనే, "పద్మా!" అని అరిచాను. ఆమె కంగారుగా పరిగెత్తుకొచ్చి, విషయం విని, నా చెయ్యి పట్టుకుని మంచం దాకా ఒకసారి, మళ్ళీ బాత్రూము దాకా ఒకసారి నడిపించి చూసుకుంది. ఆమె ముక్కు ఎర్రబడింది. ఈసారి ఇంట్లో ఘాటేమీ లేదు.

ఆరు నెలలు గోడను తోసి, నూరు సీసాలు దొర్లించి నయం చేసుకున్నానని ఊళ్ళో అందరికీ చెప్పాను. ఒక్కరైనా నమ్మితే ఒట్టు. వాళ్ళ కళ్ళ ముందున్న సాక్ష్యం వేరు. నిన్నటిదాకా కుర్చీలోంచి లేవని మనిషి, ఏదో ఎర్రనూనె రాసుకున్న రోజున ఇరవై ఏళ్ళ కుర్రాడిలా గెంతడం, కుళాయి దాకా గుర్రంలా పరిగెత్తడం ఊరంతా చూసింది కదా!

ఒక శనివారం హెడ్మాస్టరుగారు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. మోకాలు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మాస్టారూ, ఆ మెమో సంగతి మనసులో పెట్టుకోకండి. మీతో చిన్న పని పడింది."

"చెప్పండి సార్."

ఆయన జేబులోంచి ఖాళీ సీసా తీసి నా బల్ల మీద పెట్టారు.

"సగం చాలు. సుబేదారుగారికి కూడా కావాలట, ఆయన వాటా ఇందులోనే సర్దుకుంటాను."

నేను లేచి, ఆయన రెక్క పట్టుకుని తిన్నగా ఎస్తేరు దగ్గరికి తీసుకెళ్ళాను. దారిపొడుగునా ఆయన ఆ సీసా వదల్లేదు.

కాబట్టి, ఈ కాగితం చేతిలో ఉన్నవారందరి సాక్షిగా, రెండు మడమలూ నేలకు సమంగా ఆనించి ప్రమాణం చేస్తున్నాను. నా శరీరంలో గడ్డం కింద ఉన్న ఏ భాగానికీ, ఏ కారణం చేతనూ, ఏ పంద్రాగస్టు కోసమూ మిరపకాయను తాకనివ్వను. మందు కాగితాలు రెండువైపులా చదువుతాను. ఇక మీదట ఎప్పుడైనా ఎక్కడైనా గెంతాల్సి వస్తే, ముందు ఎస్తేరును అడిగి, అనుమతి తీసుకుని, మూడు సెట్లే గెంతుతాను.